నెత్తిన సైకిలమ్మ

ఆవిడ కారు వీధి మలుపు తిరుగుతోందంటే ముందు కారు కనపడదు, సైకిలు కనపడుతుంది. ప్రహరీ గోడల మీంచి ఒక హ్యాండిలూ, ఒక సీటూ తేలుకుంటూ వస్తాయి. కింద కారుందన్న సంగతి గేటు ముందుకొస్తే గానీ తెలీదు. కూరగాయలకెళ్లినా నెత్తిన సైకిలే, పంటి డాక్టరు దగ్గరికెళ్లినా నెత్తిన సైకిలే. పోనీ అది తొక్కడానికి పనికొచ్చేదా అంటే అదీ కాదు. గొలుసు లేదు, బ్రేకుల్లేవు, పెడలు ఒక్కటే మిగిలింది. పాత ఇనుము కొనేవాడు కూడా చూసి "మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అని దండం పెట్టి వెళ్లిన సరుకు. అలాంటిదాన్ని అయిదేళ్లుగా కారు పైకప్పు మీద నిలబెట్టి, పట్టీలతో బిగించి, ఊరంతా ఊరేగిస్తోంది మహాతల్లి. జనం ఊరుకుంటారా? నెత్తిన సైకిలమ్మ అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు.

పేరు పెట్టడానికేం, నోరుంటే చాలు. ఎందుకు మోస్తోందని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అడక్కపోయినా చెప్తా, వినండి.

ఆవిడ పని కుట్టుపని. బట్టలు కాదు. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన ఓ పెద్ద మిషను ఉంది, దాని సూది చూస్తేనే ఇంజెక్షను గుర్తొస్తుంది. దాని మీద కార్ల సీట్లకి రెక్సిను కవర్లు, సామాన్లు బిగించే నైలాను పట్టీలు కుడుతుంది. గోడకి మేకుల వరస, మేకులకి పట్టీల వరస. బిస్కెట్ల డబ్బాల్లో బిస్కెట్లుండవు, బకిళ్లుంటాయి. ఆ వీధి పిల్లలందరూ ఒక్కసారైనా మూత తీసి మోసపోయినవాళ్లే.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఆవిడ మొగుడిది. వెల్డింగు పని. గేట్లు, గ్రిల్లులు, నిచ్చెనలు చేస్తాడు. మంచి పనివాడు, వంక పెట్టలేం. కానీ ఒక్క పిచ్చి ఉంది మనిషికి. టేపు ముట్టుకోడు. చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా చాచి, "ఒక జాన, రెండు జానలు" అని చేత్తోనే కొలుస్తాడు. వాళ్ల నాన్న అలాగే కొలిచేవాడు, తాతా అలాగే కొలిచేవాడు. "టేపు సాగుతుంది, అరుగుతుంది, పోతుంది. నా చెయ్యి ఎక్కడికి పోతుందే?" అంటాడు. నిజమే, ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆయన చేసిన తలుపు చట్రంలో పట్టని రోజు ఆవిడ చూడలేదు. ఊళ్లో అందరికీ ఆయన జానల మేస్త్రీ.

ఆవిడకో చెల్లెలుంది, ఆరేళ్లు చిన్నది. పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగం. ఇరవయ్యేళ్లుగా ఓ ఎర్ర సైకిలు మీద ఎండా వానా లేకుండా తిరిగిన మనిషి. గొలుసు మీద రేకు మూత, వెనక క్యారేజీ, కాళ్లు రెండున్న స్టాండు, మొత్తం బరువు చెప్తే మీరు నమ్మరు. అందరూ పోస్టమ్మ అంటారు. సైకిలంటే ప్రాణం ఆ పిల్లకి. నలభయ్యారేళ్లొచ్చినా అక్కకి ఆ పిల్ల పిల్లే కదా.

ఆ ఊరికి నూట నలభై కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఓ ఊరుంది. అక్కడ అయిదేళ్లకోసారి పని సైకిళ్ల పోటీ జరుగుతుంది. సైకిలు మీద బతుకు వెళ్లదీసేవాళ్లకే ప్రవేశం. పాలవాళ్లు, పేపరు వేసేవాళ్లు, కత్తులు సానబట్టేవాళ్లు, ఉత్తరాలు పంచేవాళ్లు. ఎవరి సైకిలు వాళ్లది, ఎవరి బరువు వాళ్లది. పాలవాడికి పాలు, పోస్టమ్మకి సంచి. పదకొండు కిలోమీటర్ల ఎక్కుడు. దిగి తోశావా, ఇంటికి పో. అదీ పద్ధతి.

అయిదేళ్ల కిందట చెల్లెలు ఆ పోటీకి పేరిచ్చింది. అక్క ఆనందం ఇంతా అంతా కాదు. సైకిలు రంగుకి నప్పేలా ఎర్ర పట్టీలు కొత్తవి కుట్టి, తనే స్వయంగా కారు పైకప్పు మీద బిగించింది. ముగ్గురూ బయల్దేరారు. కారు వేగం అందుకోగానే పట్టీ గాలికి జుమ్ముమని పాడటం మొదలెట్టింది. ఒకటే నవ్వు ముగ్గురికీ! మేస్త్రీ డాష్‌బోర్డు మీద తాళం వేశాడు, చెల్లెలు ఆ శ్రుతిలో రాగం తీసింది. అలా ఓ గంట పాడి పాడి పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. "అయ్యో, ఆగిపోయిందే" అని చెల్లెలు అంటూ ఉండగానే వెనకాల రోడ్డు మీద ధడేల్‌మంది.

ముందు చక్రం అప్పడంలా మడతపడింది, దాన్ని పట్టుకునే ఫోర్కు వంగింది. పోటీ లేదు, ఏం లేదు. చెల్లెలు ఏడవలేదు. ఏడ్చినా బావుండేది. సైకిలు భుజానికెత్తుకుని రోడ్డు పక్కకి నడిచి, ఒక్కటే మాట అంది. "అక్కా, ఇక నా సైకిలు మీద నీ చెయ్యి పడనివ్వను. ఒట్టు."

మాటలు మానలేదు, రాకపోకలు మానలేదు. వారం వారం వచ్చేది, కబుర్లు చెప్పేది, టీ తాగి వెళ్లేది. కానీ సైకిలు మాత్రం అక్క ఇంటి గోడకి ఆనించేది కాదు. పక్కింటి గోడకి ఆనించి, తాళం వేసి, నడిచి వచ్చేది. అయిదేళ్లు! పక్కింటివాళ్ల గోడకి ఆ హ్యాండిలు ఆనినచోట ఎర్రటి గీత పడిపోయింది. అక్క రోజూ వాకిట్లోకొస్తే ఆ గీతే కనిపించేది. 

అదిగో, సైకిలు పడిన ఆ మర్నాటి నుంచే డొక్కు సైకిలు నెత్తికెక్కింది. ఎందుకు జారింది? పట్టీ తెగలేదు, కుట్టు ఊడలేదు, బకిలు విరగలేదు. మరెందుకు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంది ఆవిడ. లావు పట్టీ వేసి చూసింది, పాడింది. రెండు పట్టీలు వేసింది, జంటగా పాడాయి. కింద రబ్బరు ముక్కలు పెట్టింది, గొంతు మారింది గానీ పాట ఆగలేదు. పది మైళ్లు పోవడం, దిగి పట్టీ లాగి చూడటం, వేలెడు వదులైందని మొహం మాడ్చుకోవడం. ఇదే పని.

మూడో ఏడు కాబోలు, ఓ రోజు వాన పడబోతోందని హడావిడిగా బిగించి బయల్దేరింది. కొంత దూరం పోయాక చెవి రిక్కించింది. పాట లేదు! పడిపోయిందనుకుని బ్రేకు తొక్కి దిగితే, సైకిలు రాయిలా కూర్చునుంది. చూస్తే తొందర్లో పట్టీ ఒక మెలిక తిరిగి ఉంది. అంతే! ఆ వానలోనే మెలిక విప్పి నడిపింది, పాడింది. మెలిక వేసి నడిపింది, నోరు మూసుకుంది. విప్పింది, వేసింది, విప్పింది, వేసింది, పన్నెండుసార్లు ఆ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. చదునుగా ఉన్న పట్టీ గాలికి కొట్టుకుంటుంది. కొట్టుకుని కొట్టుకుని బకిలు పళ్లలోంచి కొంచెం కొంచెం జారుతుంది. ఒక్క మెలిక పడితే గాలికి పట్టు దొరకదు. తడిసి ముద్దై ఇంటికొచ్చి మొగుణ్ని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఆయన చేతిలో వెల్డింగు రాడ్డుంది, కాస్తలో కాలేది.

"మరి మరదలికి చెప్పరాదూ?" అన్నాడాయన.

"ఏమని చెప్పను? ఒట్టేసిన మనిషికి? దానంతటది అడగాలి" అంది. అడగలేదు. ఈవిడ చెప్పలేదు. డొక్కు సైకిలు మాత్రం దిగలేదు, వచ్చే ఏడు గాలి ఎలా ఉంటుందో అని రోజూ పరీక్షే.

అయిదేళ్లు గడిచాయి. మళ్లీ పోటీ వచ్చింది. ఈసారి ఇంకో పిడుగు కూడా పడింది. వచ్చే నెల నుంచి పోస్టాఫీసువాళ్లు ఉత్తరాలు పంచేందుకు స్కూటర్లు ఇస్తున్నారు. సైకిలు మీద పని లేనివాళ్లకి ఈ పోటీలో చోటు లేదు. అంటే చెల్లెలికి ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. ఇప్పుడు తొక్కితే తొక్కినట్టు, లేకపోతే ఈ జన్మకి లేనట్టే.

పేపర్ల కట్టలు మోసే వ్యాను అతనితో ముందే మాట్లాడుకుంది చెల్లెలు. పోటీకి రెండు రోజులుందనగా ఆ వ్యాను ఇంజను మూలకూర్చుంది. ఆ దారిలో బస్సువాళ్లు సైకిలెక్కించుకోరు. ఎవర్నడగాలి? తిరిగి తిరిగి, పక్కింటి గోడకి సైకిలు ఆనించి, అక్క గుమ్మంలో నిలబడింది.

"అక్కా, కారు కావాలి" అంది. "కానీ పైకప్పు మీద మాత్రం వద్దు. చచ్చినా వద్దు. కారు వెనక తగిలించేది ఏదైనా ఉంటే చెప్పు."

అక్క నోరు తెరిచేలోపలే షెడ్డులోంచి మేస్త్రీ గొంతు వినిపించింది. "నేను చేస్తా మరదలా! డిక్కీ తలుపు అంచులకి రెండు పక్కలా కొక్కేలు పట్టేలా ఒక కమ్మీ, దానికి రెండు చేతులు, చేతుల మీద సైకిలు. కళ్లెదురుగా అద్దంలోంచి చూసుకుంటూ పోవచ్చు. ఒక్క రోజు చాలు!"

అన్నంత పనీ చేశాడు. కాకపోతే ఆ పూటే ఆయనకి నడుం పట్టేసి, లేవలేక మంచం మీద బోర్లా పడుకున్నాడు. "ఏమే, డిక్కీ వెడల్పు ఎంతో నువ్వు చూసి చెప్పు" అని కేకేశాడు. ఆవిడ వాకిట్లోకెళ్లి చెయ్యి చాచి కొలిచి, "సరిగ్గా ఆరు జానలండీ!" అని కేకేసింది. మధ్యాహ్నానికి నడుం సర్దుకుంది, లేచి ఆరు జానల కమ్మీ కోశాడు, కొక్కేలు అతికాడు, సాయంత్రానికి రంగు వేశాడు. "రంగు పచ్చిగా ఉంది, పొద్దున్నే తగిలిద్దాం, ఎవరూ ముట్టుకోకండి" అని హుకుం. ఒక్కరు దగ్గరికెళ్లి చూస్తే ఒట్టు.

పొద్దున ఆరింటికి చెల్లెలు వచ్చేసింది. కొత్త క్యాన్వాసు బూట్లు, వీపున ఉత్తరాల సంచి, మొహంలో వెలుగు. మేస్త్రీ పెళ్లికొడుకులా కమ్మీ మోసుకొచ్చి డిక్కీకి పెట్టాడు. ఎడమ కొక్కెం పట్టుకుంది. కుడి కొక్కెం గాల్లో వేలాడింది. అటు జరిపితే ఇటు వేలాడింది, ఇటు జరిపితే అటు. జానెడు ఎక్కువ!

"అదెలా? ఆరు జానలేగా?" అన్నాడాయన.

"ఆరు జానలే" అంది ఆవిడ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ నెమ్మదిగా తన అరచెయ్యి ఎత్తి ఆయన అరచేతికి ఆనించింది. ఆయన వేళ్లు కణుపు మేర పైకొచ్చాయి. చేటంత చెయ్యి ఆయనది. ఇరవయ్యారేళ్ల కాపురం, ఈ మాత్రం చూసుకోలేదు చూడండి! ఆవిడ ఆరు జానలు ఆయనకి అయిదే.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే" అంది చెల్లెలు.  "కొయ్యండి బావా, తొందరగా!"

గ్రైండరు మీట నొక్కాడు. చప్పుడు లేదు. వీధిలో తీగలు మారుస్తున్నారు, సాయంత్రం దాకా కరెంటు లేదని కాగితం పంచారట. పంచింది ఎవరనుకున్నారు? పోస్టమ్మే. హ్యాక్సాతో కోయగలడు గానీ మళ్లీ అతకాలంటే కరెంటు కావాలి కదా.

వెనక సీట్లో పెడదామని చూశారు, తలుపు పడలేదు. డిక్కీ తెరిచి సగం లోపల, సగం బయట పెట్టి తాడు కడదామంటే, ఆ బరువుకి చక్రం రోడ్డుకి రాసుకునేలా ఉంది. చక్రాలు ఊడదీద్దామంటే గొలుసు మీద రేకు మూత, దాని మరలు ఇరవయ్యేళ్ల తుప్పు. "నా ఒళ్లో పెట్టుకుంటా" అన్నాడు మేస్త్రీ. పాపం, ఆయన బాధ ఆయనది, తప్పు చేసిన చెయ్యి కనపడకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది పైకప్పు.  డొక్కు సైకిలు పైనుంచి ముగ్గుర్నీ చూస్తోంది.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "పట్టీల మీద నాకు నమ్మకముంది. నా మీద నీకుందా లేదా నువ్వే చెప్పు" అంది. "లేకపోతే ఇప్పుడే చెప్పెయ్, లోపలికెళ్లి టీ తాగుదాం."

చెల్లెలు చేతి గడియారం చూసింది. పోటీ పదింటికి, సైకిళ్ల తనిఖీ తొమ్మిదిన్నరకి మూసేస్తారు. దారి మూడు గంటలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎక్కించు. వేరే దిక్కేముంది?" అంది.

వేరే దిక్కు లేక ఎక్కించడం నమ్మడం కాదు. అది అక్కకీ తెలుసు. అయినా డొక్కు సైకిలుని కిందికి దించి, ఎర్ర సైకిలుని పైకెత్తి, నాలుగు పట్టీలు, నాలుగు మెలికలు, బకిళ్లు బిగించి, చివరలు మడిచి దోపింది. ఆరూ ఇరవైకి కారు కదిలింది.

చెల్లెలు ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పట్టీ పట్టుకుంది. పొద్దుటి ఎండ పక్కనుంచి పడుతోంది. కారు నీడ మీద సైకిలు నీడ పొలాల మీద పరిగెడుతోంది. ఆ నీడనే చూస్తూ కూర్చుంది, రెప్ప వెయ్యలేదు. ఇరవై కిలోమీటర్లు పోయాయో లేదో, "ఆపు! ఆపు!" అని అరిచింది.

"ఏమైంది?"

"పాట లేదు! జారిపోయుంటుంది!"

దిగి చూస్తే సైకిలు కదల్లేదు. పట్టీ లాగి చూసింది, బండలా ఉంది. మళ్లీ నలభైకి ఆపించింది. మళ్లీ అరవైకి. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే కదా.  ఆపమన్న ప్రతిసారీ అక్క ఆపింది. వెనక సీట్లోంచి మేస్త్రీ "టైమవుతోంది, టైమవుతోంది" అని జపం మొదలెట్టాడు.

ఎనిమిదీ నలభైకి అసలు పరీక్ష వచ్చింది. పెద్ద రోడ్డుని గొట్టాల పనికి తవ్వేసి, బళ్లన్నిటినీ రైలు వంతెన కిందికి మళ్లించారు. వంతెనకి ముందు రోడ్డుకడ్డంగా ఎత్తుగా ఓ ఇనప కమ్మీ. దానికంటే ఎత్తున్న బండి పోకూడదు. మన మహాతల్లి అయిదేళ్లుగా నెత్తిన సైకిలుతో తిరుగుతోంది, ఊళ్లో ఏ చెట్టు కొమ్మ ఎంత కిందికుందో చెప్పగలదు. కానీ ఇది తెలియని చోటు. కమ్మీకి పది అడుగుల దూరంలో ఆపేసింది.

మేస్త్రీ దిగి అలవాటు చొప్పున చెయ్యి చాచాడు.

"చెయ్యి దించండి!" అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.

అక్క సీటు కిందనుంచి పాత పట్టీ ఒకటి లాగింది. నేల మీంచి హ్యాండిలు దాకా పట్టి, అక్కడ ముడి వేసింది. అదే పట్టీ తీసుకెళ్లి కమ్మీ నుంచి నేలకి జారవిడిచి చూసింది. బెత్తెడు తక్కువ. అంటే హ్యాండిలు కమ్మీకి తగులుతుంది. జానా లేదు, గీనా లేదు, పట్టీ చెప్పింది. చుట్టూ తిరిగి పోవాలంటే నలభై కిలోమీటర్లు.

"దించు" అంది చెల్లెలు. "నేను తొక్కుకుంటూ కింద నుంచి దాటుతా. అవతల ఎక్కిద్దాం."

రెండు నిమిషాల్లో దించింది అక్క. చెల్లెలు దూకి ఎక్కి, గంట మోగించుకుంటూ వంతెన కింద చీకట్లోకి దూసుకుపోయి, అవతల ఎండలో తేలింది. వెనక ఆగిన లారీవాళ్లు ఈలలు వేశారు. కారు కూడా దాటింది. మళ్లీ పైకెత్తారు. ఈసారి చెల్లెలు ఆగలేకపోయింది, అటుపక్క పట్టీ తనే అందుకుని గబగబా లాగి బిగించబోయింది.

"అలా కాదు, మెలిక వెయ్యి" అంది అక్క.

"మెలికెందుకు? అందంగా లేదని చదును చేస్తున్నా."

"ఆ చదునే నిన్ను ముంచింది!" అంది అక్క. అనకూడదనుకుంటూనే అనేసింది, అయిదేళ్లు మింగిందంతా ఒక్కసారి కట్టలు తెంచుకుంది. "ఆ రోజు పాడింది, గుర్తుందా? నవ్వామే, తాళాలేశామే, అది పాట కాదే! పట్టీ కొట్టుకుంటోంది, బకిలు జారుతోంది. మనం వింటూ కూర్చున్నాం. ఎందుకు జారిందో కనుక్కోడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఇంకో రెండేళ్లు నమ్మకం కుదరక మోశాను."

చెల్లెలు చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. "ఆ డొక్కు సైకిలు అందుకా?"

"మరి? షోకనుకున్నావా?"

"ఊరంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను కదే" అంది చెల్లెలు. మొహం ఎర్రబడింది. ఇంకేదో అనబోయింది. వెనక నుంచి మేస్త్రీ "తర్వాత ఏడవండి, తొమ్మిదైంది!" అని గావుకేక పెట్టాడు. చెల్లెలు వంగి పట్టీకి ఒక మెలిక వేసి బకిల్లో దూర్చింది. అక్క లాగి బిగించింది. నాలుగు నిమిషాలు పట్టిందంతే.

ఆ తర్వాత కారు తోలిందండీ ఆవిడ! ఆ పాత ఇంజనులో అంత ఊపు ఉందని దాన్ని తయారుచేసినవాళ్లకి కూడా తెలిసుండదు. దారిలో చెల్లెలు ఒక్కసారి కూడా ఆపమనలేదు. చెయ్యి మాత్రం కిటికీలోంచి బయటే ఉంది. తొమ్మిదీ ఇరవయ్యేడుకి తనిఖీ బల్ల ముందు బ్రేకు పడింది. బల్ల దగ్గరి పెద్దాయన మూత పెట్టబోతున్న పెన్నుని మళ్లీ తెరిచి, ఎర్ర సైకిలు గంట మోగించి చూసి, సంచి తూచి, నంబరు కాగితం అంటించాడు. చక్రం మీద గీత లేదు, రంగు పెచ్చు లేవలేదు. అక్క అక్కడే బానెట్టు మీద చేతులానించి ఊపిరి వదిలింది.

చూసేవాళ్లని బస్సుల్లో ముందే కొండపైకి చేరవేశారు. చివరి మలుపులో తాడు కట్టారు, తాడు వెనక జనం. డెబ్భై రెండు సైకిళ్లు కింద బయల్దేరాయని మైకులో చెప్పారు. అక్కకి నిలబడితే కాళ్లాడవు, కూర్చుంటే ఊపిరాడదు. ముప్పావుగంట తర్వాత మలుపులో మొదటి తల కనపడింది. పేపరబ్బాయి. వెనకే ఇంకొకడు. మూడు, నాలుగు, అయిదు. "మనది కాదు, మనది కాదు" అంటున్నాడు మేస్త్రీ, పెళ్లాం భుజం నలిపేస్తూ. ఆరో మనిషి కత్తులు సానబట్టేవాడు, సానరాయితో సహా!

ఏడోవాడు పాలవాడు, రెండు పక్కలా రెండు క్యాన్లు. వాడి వెనక చక్రాన్ని దాదాపు ముద్దాడుతూ ఎర్ర హ్యాండిలు!

"అదిగో! అదిగో మా పిల్ల!" అక్క గొంతు పోయేలా అరిచింది. "తొక్కవే! ఆగకే! తొక్కవే తల్లీ!"

మేస్త్రీకి నడుం నొప్పి ఎటు పోయిందో, తాడు దాటి రోడ్డు పక్కన పరిగెత్తాడు. "మా మరదలు! మా మరదలండీ!" అని ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ చెప్పుకుంటూ. పోస్టమ్మ సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతోంది, సంచి వీపున ఊగుతోంది, మొహం కందగడ్డ. పాలవాడు పక్కకి చూసి, పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. "పో తల్లీ, పో! నీవి ఉత్తరాలు, నావి పాలు!" అని దారిచ్చాడో, పోస్టమ్మే దారి లాక్కుందో గానీ, గీత దగ్గర ఎర్ర చక్రం మూరెడు ముందుంది.

ఏడో స్థానం. బహుమతి మొదటి ముగ్గురికే. ఎవడిక్కావాలండీ బహుమతి! అక్క చెల్లెల్ని, సంచిని, సైకిలుని కలిపి వాటేసుకుంది. ముగ్గురూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. మేస్త్రీ పాలవాడి క్యానులోంచి మూతతో పాలు తాగి అతన్ని కూడా వాటేసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక కొండ దిగి కారు దగ్గరికొచ్చారు. సైకిలు పైకెత్తగానే అక్క అలవాటుగా అవతలి పట్టీ చెల్లెలి వైపు విసిరింది. చెల్లెలు దాన్ని తిరిగి ఇచ్చేసింది.

"నువ్వే కట్టు" అని, తలుపు తీసి సీట్లో కూర్చుంది.

లాగి చూడలేదు. తలెత్తి కూడా చూడలేదు. కిటికీ అద్దం పైకెక్కించేసి, బూట్లు విప్పి, కాళ్లు ముడుచుకుంది. రోడ్డు రెండో మలుపు తిరిగేసరికి గుర్రు పెడుతోంది. పక్కన నీడలో సైకిలు పరిగెడుతూనే ఉంది, చూసేవాళ్లే లేరు. మేస్త్రీ వెనక నుంచి "ఒకసారి ఆపి చూద్దామా?" అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది. కళ్లు మసకబారితే చీర కొంగుతో తుడుచుకుంటూ తోలింది. వంతెన దగ్గర మాత్రం చెల్లెల్ని లేపలేదు. తనే సైకిలు దించి, కమ్మీ కింద నుంచి నడిపించుకుంటూ తీసుకెళ్లింది, మేస్త్రీ కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని కారుని తోసుకుంటూ వెనకాల వచ్చాడు, ఆయనకి డ్రైవింగు రాదు మరి. మళ్లీ పైకెత్తి, మళ్లీ నాలుగు మెలికలు వేసుకుంది.

ఇంటికి చేరేసరికి ఎండ వాలింది. కరెంటొచ్చింది, వీధిలో ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. చెల్లెలు కళ్లు నులుముకుంటూ దిగింది. అక్క దించిన సైకిలుని అందుకుని, ఆవులిస్తూ నాలుగడుగులు నడిపించింది. అలవాటు కాళ్లు పక్కింటి వైపు తిరిగాయి. అక్క చూస్తూ నిలబడింది. చెల్లెలు ఆగింది. సైకిలుని వెనక్కి తిప్పి తీసుకొచ్చి, అక్క ఇంటి గోడకి ఆనించింది. తాళం కూడా వెయ్యలేదు.

"టీ పెట్టవే, తల పగిలిపోతోంది" అని లోపలికెళ్లిపోయింది.

అక్క వెంటనే లోపలికెళ్లలేకపోయింది. గోడ దగ్గరికెళ్లి, వేడి ఇంకా చల్లారని ఆ ఎర్ర సీటు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడిపోయింది. లోపల్నుంచి చెల్లెలు రెండోసారి కేకేసింది, టీ ఏదని.